రంగాలు మారినా ప్రశ్న మారకూడదు: మన భాష, మన నేల మీద జరిగిన పరిశోధనల కథ



పోస్టు కొంచెం పొడుగే. అయినా ఈ ఏడు సమ్మర్ ఇంటర్న్‌షిప్‌లకు అప్లై చేద్దామనుకునే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఆఖరిదాకా చదవండి. సీనియర్ అన్నలు, అక్కలు ఎక్కడైనా తప్పుంటే సరిదిద్దండి.

మేము నలుగురం ఒకే హాస్టల్ రూమ్‌లో ఉంటాం. నలుగురిదీ కంప్యూటర్ సైన్సే. ఇద్దరం గోండులం, ఒకరు కోయ, ఒకరు కొలాం. నలుగురి ఇళ్ళల్లోనూ కాలేజీ మెట్లు ఎక్కింది మేమే మొదలు. ఇంటర్న్‌షిప్ అంటే ఏందో ఇంట్లో చెప్పడానికే వారం పట్టింది. "నౌకరీ కాదంటవ్, పరీక్ష కాదంటవ్, మరి రెండు నెలలు ఎందుకు పోతున్నవ్?" అని అడిగితే మా దగ్గర సూటి జవాబు లేదు.

పోయిన వేసవిలో మాలో ఒకరికి ఒక సంస్థలో రీసెర్చ్ ఇంటర్న్‌షిప్ వచ్చింది. సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. పని ఏందంటే గోండీ వాక్యాలకు తెలుగు వాక్యాలు జతచేసి, కంప్యూటర్‌కు అనువాదం నేర్పడానికి డేటా తయారు చేయడం. మనోడు ఎగిరి గంతేశాడు. తీరా చూస్తే అది మే నెల, ఊళ్ళో తునికాకు సీజన్. ఇంట్లో రెండు చేతులు తగ్గితే కట్టలు తగ్గుతాయి, కట్టలు తగ్గితే వానాకాలం ఖర్చులకు పైసలు తగ్గుతాయి. సెలవులకు హాస్టల్ మూసేశారు కాబట్టి బయట రూమ్ కిరాయి. స్టైపెండ్ వచ్చింది పని అయిపోయిన తర్వాత. మధ్యలో రెండు నెలలు అప్పు మీద నడిచాయి.

అయినా పని బాగానే చేశాడు. తెలియని మాటలొస్తే సాయంత్రం ఊరికి ఫోన్ చేసేవాడు. వాళ్ళ అవ్వ స్పీకర్‌లో చెప్తుంటే రాసుకునేవాడు. అడవిలో దొరికే గడ్డల పేర్లు, పురుగుల పేర్లు, చుట్టరికాల పేర్లు, ఇవన్నీ ఆమె చెప్పినవే. ఒకరోజు అవ్వ అడిగిందట: "ఇన్ని అడుగుతున్నవ్ గదా, ఆ మిషన్ నాతోని గోండీల మాట్లాడ్తదా?"

చివర రిపోర్టు వచ్చింది. అందులో సార్ల పేర్లున్నాయి, పరిశోధక విద్యార్థుల పేర్లున్నాయి, చివర్లో మనోడి పేరు కూడా ఉంది. అవ్వ దగ్గరికొచ్చేసరికి "స్థానిక సమాచారదాత" అని ఒక్క ముక్క. పేరు పెట్టమని అడిగితే ఫార్మాట్ అంతే అన్నారు.

ఈ ఏడు మళ్ళీ అప్లికేషన్ల టైమ్ వచ్చింది. ఒకరు ఆరోగ్యం డేటా వైపు పోదామనుకుంటున్నాం, ఒకరు అడవి మ్యాపుల వైపు, ఒకరు మళ్ళీ భాష వైపే. అది విని ఒక సీనియర్ అన్న తిట్టాడు. "ఒక్క రంగం పట్టుకోండ్రా. చెట్టుకొకటి పుట్టకొకటి అని తిరిగితే ఏదీ రాదు, ప్లేస్‌మెంటూ రాదు" అన్నాడు. అన్న మాటలో నిజం లేకపోలేదు. కానీ మాకు ఒక అనుమానం వచ్చింది. మన భాషల మీద, మన ఊళ్ళ మీద ఇంతకుముందు పరిశోధన చేసినవాళ్ళు ఒక్క రంగం పట్టుకునే చేశారా? వాళ్ళకు చెప్పినవాళ్ళు ఎవరు? అడిగిన ప్రశ్న ఎవరిది? ఈ మూడూ పట్టుకుని నెల రోజులు లైబ్రరీలో, ఫోన్లలో వెతికాం. దొరికినదాంట్లో ముఖ్యమైనవి ఇవి.

సవర నేర్చుకున్న చరిత్ర టీచరు

ఆగస్టు 29న బడిలో తెలుగు భాషా దినోత్సవం చేస్తారు గదా, అది గిడుగు వెంకట రామమూర్తి గారి పుట్టినరోజు. ఆయన 1863లో పుట్టారు. వాడుక భాష కోసం పోరాడారని మనకు పాఠంలో చెప్పారు. కానీ ఆయన సవరల కోసం చేసిన పని మాత్రం పాఠంలో ఒక్క లైనుతో అయిపోతుంది.

ఆయన భాషాశాస్త్రం చదివినవారు కాదు. పర్లాకిమిడిలో టీచరు, చరిత్ర చెప్పేవారు. శాసనాలు చదవడం సొంతంగా నేర్చుకున్నారు. అక్కడి కొండల్లో సవరలు మాట్లాడే భాష ఆయనకు తెలియదు, నేర్పే పుస్తకమూ లేదు. తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, ఆయన దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బడి పెట్టారు. సవర వ్యాకరణం 1931లో అచ్చయింది, సవర నిఘంటువు 1938లో వచ్చింది. అంటే యువకుడిగా మొదలుపెట్టిన పని ముసలితనంలో పుస్తకమైంది. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ ఎక్కువగా మింగి, చెవులు వినపడకుండా పోయాయి. ఒక భాషను విని విని రాసుకున్న మనిషికి చివరికి వినికిడే పోయింది. ఆయన 1940లో చనిపోయారు.

ఇక్కడ మాకు రెండు విషయాలు అర్థమయ్యాయి. ఒకటి, ఆయన తన రంగం దాటి వచ్చారు. రెండు, వచ్చి రెండు నెలల్లో వెళ్ళిపోలేదు. ఒక్క ప్రశ్న పట్టుకుని దశాబ్దాలు ఉన్నారు: సవర పిల్లవాడు తన భాషలో ఎట్లా చదువుకోవాలి? మరి ఆయన ఇంట్లో కూర్చుని భాష నేర్పిన ఆ సవర మనిషి? పుస్తకం అట్ట మీద ఆయన పేరు లేదు.

మార్లవాయిలో వియన్నా మనిషి

క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ పేరు ఆసిఫాబాద్, ఉట్నూరు వైపు పిల్లలకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆస్ట్రియా దేశస్థుడు, వియన్నాలో మానవశాస్త్రం చదివారు. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి ఇండియాలో ఉన్నారు. ఆస్ట్రియాను అప్పటికే జర్మనీ కలిపేసుకుంది కాబట్టి ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు, అంటే బ్రిటిష్ వాళ్ళకు శత్రుదేశం మనిషి. హైదరాబాద్ సంస్థానం దాటి పోవడానికి వీల్లేకుండా అయింది. ఆ బందీతనంలోనే చెంచుల దగ్గర, కొండరెడ్ల దగ్గర, తర్వాత గోండుల దగ్గర ఉన్నారు. చెంచుల మీద పుస్తకం 1943లో, కొండరెడ్ల మీద 1945లో, ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద 1948లో వచ్చాయి.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్ అమరుడయ్యాడు. ఆ తర్వాత నిజాం సర్కారుకు ఒక ప్రశ్న పుట్టింది: గోండులు ఎందుకు తిరగబడ్డారు? దానికి జవాబు తెమ్మని హైమన్‌డార్ఫ్‌ను పంపారు. ఆయన భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు, గోండీ నేర్చుకున్నారు. 1943లో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం పెట్టారు. గోండీలో వాచకాలు తయారయ్యాయి. భూములకు పట్టాలిచ్చారు. 1946లో గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది. ఆ దంపతుల సమాధులు ఇప్పటికీ మార్లవాయిలోనే ఉన్నాయి. మనోళ్ళు ప్రతి ఏటా పోయి దండం పెడతారు.

మేము ఆయన్ను తక్కువ చేయడం లేదు. కానీ ఒక్కసారి ఆలోచించండి. ప్రశ్న సర్కారుది. అడిగింది బయటి మనిషి. జవాబు మాత్రం మనది, దాని వెల ముందే భీమ్ కట్టాడు. "మా భూమి ఏది?" అని మనం వేసిన ప్రశ్నను, తుపాకులు పేలిన తర్వాత, "వీళ్ళెందుకు తిరగబడ్డారు?" అని తిప్పి అడిగారు. హైమన్‌డార్ఫ్ గొప్పతనం ఎక్కడుందంటే, సర్కారు ప్రశ్న పట్టుకుని వచ్చి మన ప్రశ్న దగ్గర ఆగారు.

945 చెట్లు

ఇప్పుడు కంప్యూటర్ దగ్గరికి వద్దాం. మన భాషలు కంప్యూటర్‌లోకి ఎప్పుడు ఎక్కాయి? ఈ మధ్యే, ఏఐ వచ్చాక అనుకున్నాం మేము. తప్పు. 1983 నాటికే ఎక్కాయి.

ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు పండితులు, భాషాశాస్త్రవేత్త. అరకు వైపు కొండదొరలు మాట్లాడే కొండ భాష, అంటే కూబి భాషను ఊళ్ళల్లో ఉండి రాసుకున్నారు. దాని మీద ఆయన పుస్తకం 1969లో హైదరాబాద్‌లో గిరిజన పరిశోధన సంస్థ తరఫున అచ్చయింది. ఆయనకు ఒక ప్రశ్న ఉండేది: గోండీ, కొండ, కుయి, కువి, పెంగో, మండ, ఈ ఆరు భాషల్లో ఏది ఏదానికి దగ్గరి చుట్టం?

జవాబు కోసం ఆయన ఒక శబ్దమార్పును పట్టుకున్నారు. తమిళంలో "ఉరల్" అంటారు, తెలుగులో "రోలు" అంటాం. తమిళంలో "ఇరండు", తెలుగులో "రెండు". ముందున్న అచ్చు లోపలికి జరిగి, హల్లు ముందుకొచ్చింది. ఈ మార్పు అన్ని మాటలకూ ఒకేసారి రాలేదు. ఒక మాట ఒక భాషలో మారింది, పక్క భాషలో మారకుండా ఉండిపోయింది. ఏ మాట ఎక్కడ మారింది, ఎక్కడ మారలేదు అని పట్టిక వేస్తే చుట్టరికం తెలుస్తుంది.

ఇక్కడ మన డేటా స్ట్రక్చర్స్ క్లాసు పనికొస్తుంది. రెండు భాషలుంటే ఒక్క చెట్టే గీయగలం. మూడుంటే 3 చెట్లు. నాలుగుంటే 15. ఐదుంటే 105. ఆరుంటే 945. ఒకటి ఇంటూ మూడు ఇంటూ ఐదు ఇంటూ ఏడు ఇంటూ తొమ్మిది, లెక్క వేసి చూసుకోండి. ఈ 945 చెట్లలో ఒక్కొక్క చెట్టు నిజమైతే ఎన్ని మార్పులు విడివిడిగా జరిగి ఉండాలో లెక్కపెట్టాలి. అతి తక్కువ మార్పులతో సరిపోయే చెట్టే నిజానికి దగ్గర. చేత్తో చేస్తే బతుకు చాలదు. అందుకని కృష్ణమూర్తి గారు స్టాటిస్టిక్స్ మనుషులతో కలిశారు. లింకన్ మోసెస్, డగ్లస్ డాన్‌ఫోర్త్ అనే ఇద్దరితో కలిసి, కంప్యూటర్ సాయంతో అన్ని చెట్లనూ లెక్క కట్టించారు. 1983లో ఆ పరిశోధన అచ్చయింది. గెలిచిన చెట్టు భాషావేత్తలు పాత పద్ధతిలో గీసుకున్న చెట్టుతో సరిపోయింది. కుయి, కువి ఒక జంట. పెంగో, మండ ఒక జంట.

చదివి మేము కాసేపు మాట్లాడలేదు. బడిలో మన మాట వినపడితే నవ్వేవాళ్ళు గుర్తొచ్చారు. "అది భాష కాదు, యాస" అనేవాళ్ళు. మధ్య ద్రావిడం అనండి, దక్షిణ మధ్య ద్రావిడం అనండి, ఏ పేరు పెట్టినా గోండీ, కొండ, కుయిలతో పాటు తెలుగు కూడా అదే కొమ్మ మీద ఉంది. తెలుగుకు గోండీ యాస కాదు, తోబుట్టువు. ఆ సంగతి కంప్యూటర్ లెక్క పుట్టక ముందే తేలింది, లెక్క వచ్చాక ఇంకా గట్టిపడింది.

కథ అక్కడితో ఆగలేదు. 2018లో విష్ణుప్రియ కొలిపాకం, ఇంకొందరు కలిసి 20 ద్రావిడ భాషల చెట్టు గీశారు. గోండీ, కోయ, కొలామీ, కువి అందులో ఉన్నాయి. జీవుల వంశవృక్షాలు లెక్కపెట్టే పద్ధతిని భాషలకు వాడి, ద్రావిడ కుటుంబం వయసు సుమారు 4,500 ఏళ్ళని తేల్చారు. ఆమె పనిచేసిన చోటు ఏదనుకున్నారు? డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ. పులులు, జింకల మీద పరిశోధన చేసే చోటి నుంచి మన మాటల వయసు తేలింది. ఇక "ఒక్క రంగమే" అన్న మాటకు ఏం జవాబు చెప్తాం?

అక్షరానికి నంబరు

మార్లవాయికి దగ్గర్లోనే, నార్నూరు మండలంలో గుంజాల అనే ఊరుంది. ఆ ఊళ్ళో గోండీకి సొంత లిపిలో రాసిన పాత చేతిరాతలు ఉన్నాయని 2006లో బయటి లోకానికి తెలిసింది. అప్పటికి చదవగలిగిన పెద్దలు కొద్దిమందే. ఆచార్య జయధీర్ తిరుమలరావు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వాళ్ళు ఆ పెద్దల దగ్గర కూర్చుని లిపిని చదివించుకున్నారు. హైమన్‌డార్ఫ్ కాలంలో గోండీ వాచకాలు దేవనాగరి అక్షరాల్లో వేశారు. అప్పటికే గోండీ అక్షరం పక్క ఊళ్ళో పెట్టెలో ఉంది.

చేతిరాత బయటపడితే సరిపోదు, ఫోన్‌లో టైప్ చేయగలగాలి. మనం పంపే ప్రతి అక్షరం వెనుక యూనికోడ్ అనే ప్రపంచ పట్టికలో ఒక నంబరు ఉంటుంది. నంబరు లేని అక్షరం కంప్యూటర్ దృష్టిలో లేనట్టే. ఈ సంవత్సరాలు వరసగా చూడండి. తెలుగుకు నంబర్లు 1991లోనే వచ్చాయి. మంగెయి గొమాంగో 1936లో చేసిన సవరల సోరంగ్ సోంపెంగ్ లిపికి 2012లో. బాలాఘాట్‌కు చెందిన మంగళ్ సింగ్ మసారామ్ 1918లో చేసిన మసారామ్ గోండీ లిపికి 2017లో. గుంజాల గోండీకి 2018 జూన్‌లో, 63 గుర్తులకు. తెలుగుకూ గుంజాలకూ మధ్య 27 ఏళ్ళు.

ఈ రెండు గోండీ లిపుల తరఫున యూనికోడ్‌కు ప్రతిపాదనలు రాసింది అన్షుమన్ పాండే. ఆయన డాక్టరేట్ చేసింది చరిత్రలో. చరిత్ర మనిషి వచ్చి కంప్యూటర్ పట్టికలో మన అక్షరాన్ని ఎక్కించాడు. కంప్యూటర్ చదివే మాకు ఆ పట్టికలో మన లిపి ఉందన్న సంగతే ఈ నెలలో తెలిసింది. సిగ్గుపడాల్సిన విషయమే, దాచుకోం.

ఫోన్‌లో గోండీ

2010లో ఛత్తీస్‌గఢ్‌లో జర్నలిస్టు శుభ్రాంశు చౌధురి సీజీనెట్ స్వర మొదలుపెట్టారు. చదువు రాకపోయినా, ఇంటర్నెట్ లేకపోయినా, మామూలు ఫోన్‌తో కాల్ చేసి ఊరి సంగతి చెప్పొచ్చు, ఇతరులు చెప్పింది వినొచ్చు. వెనుక పనిచేసింది కంప్యూటర్ మనుషులు. తర్వాత మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియా, సీజీనెట్ స్వర కలిసి గోండీ నిఘంటువు, పిల్లల కథలు, యాప్, ఫోన్ సేవ తయారుచేసి, వాటి ద్వారానే డేటా పోగుచేశారు. 2020లో వాళ్ళు రాసిన పేపర్ ప్రకారం పోగైనవి 12,000కు కొంచెం తక్కువ పదాలు, వాక్యాలు. ముందు ముందు అనువాదానికి సాయపడగలిగినవాళ్ళు 650 మందికి పైగా తేలారు. 2011 జనాభా లెక్కల్లో గోండీ మాట్లాడేవాళ్ళు 29 లక్షల 84 వేల మందికి పైగా. పెద్ద భాషలకు కోట్ల వాక్యాలు నెట్‌లో పడి ఉంటాయి. మనకు ఒక్కో వాక్యం ఒక్కో మనిషి నోటి నుంచి రావాలి.

2025లో కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఆది వాణి అనే అనువాద యాప్ తెచ్చింది. ఐఐటీ ఢిల్లీ ముందుండి చేసింది, మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ కూడా అందులో ఉంది. మొదటి విడత భాషల్లో సంతాలీ, భీలీ, ముండారీతో పాటు గోండీ ఉంది. అవ్వ అడిగిన ప్రశ్నకు జవాబు ఇప్పుడిప్పుడే మొదలైంది. కానీ గోండీ అంటే ఒక్కటి కాదు. బస్తర్ గోండీ వేరు, ఆదిలాబాద్ గోండీ వేరు. ఉట్నూరు అవ్వకు అర్థమయ్యేలా మిషన్ మాట్లాడాలంటే ఉట్నూరు నుంచే ఎవరో ఒకరు పోయి కూర్చోవాలి.

నేల, రక్తం

మిగతా రెండు రంగాల గురించి కొంచెం క్లుప్తంగా చెప్తాం.

అడవి మ్యాపులు. అటవీ హక్కుల చట్టం 2006 ప్రకారం 2005 డిసెంబర్ 13 నాటికి భూమి సాగులో ఉన్నట్టు చూపాలి. పాత ఉపగ్రహ చిత్రాలు తీస్తే తెలుస్తుంది గదా అని అధికారులు అంటుంటారు. మన దేశపు మొదటి ఐఆర్ఎస్ ఉపగ్రహం 1988లో ఎగిరింది. దాని ఒక కెమెరాలో ఒక చుక్క అంటే నేల మీద 72.5 మీటర్ల పొడవు, అంతే వెడల్పు. లెక్క కడితే ఒకటింపావు ఎకరం పైన. అంటే చెట్ల మధ్య ఎకరం పోడు ఆ చిత్రంలో ఒక చుక్క కూడా నిండదు, అడవి రంగులో కలిసిపోతుంది. తర్వాతి ఉపగ్రహాలు మెరుగే కానీ తిప్పలు పూర్తిగా పోలేదు. అందుకే 2012లో సవరించిన నియమాల్లో స్పష్టంగా రాశారు: ఉపగ్రహ చిత్రం ఇతర సాక్ష్యాలకు తోడుగా ఉండొచ్చు, వాటి స్థానంలోకి రాకూడదు. ఊరి పెద్ద చెప్పిన సాక్ష్యాన్ని చిత్రం కొట్టేయలేదు. పిక్సెల్ అంటే ఏందో తెలిసినోడు, పోడు అంటే ఏందో తెలిసినోడు ఒక్కడే అయితే గ్రామసభలో ఎంత బలమో ఆలోచించండి. మా కొలాం దోస్తు ఈ వేసవికి రిమోట్ సెన్సింగ్ వైపు అప్లై చేస్తున్నది అందుకే.

రక్తం. సికిల్ సెల్ మన దేశంలో ఉందని మొదట రాసింది 1952లో, నీలగిరి గిరిజనుల రక్తం పరీక్షించినప్పుడు. 2023 జూలై 1న సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. 40 ఏళ్ళ లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి వ్యాధిని లేకుండా చేయాలని లక్ష్యం. తల్లి, తండ్రి ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఇంత పెద్ద లెక్కలో కంప్యూటర్ చదివినవాళ్ళ పని చాలా ఉంటుంది. కానీ ఒక ఆడపిల్ల రిపోర్టు ఊళ్ళో నలుగురి ఫోన్లలో తిరిగితే ఆమె పెళ్ళి మాటలు ఏమవుతాయో మనకు తెలుసు. ఆ సంగతి సిటీలో కూర్చుని యాప్ రాసేవాడికి తట్టకపోవచ్చు, మనకు తట్టాలి. మాలో కోయ చెల్లెలున్న దోస్తు ఆరోగ్యం డేటా వైపు పోతానన్నది దీని కోసమే.

మాకు అర్థమైంది

సీనియర్ అన్నకు మా జవాబు ఇది. అన్నా, నువ్వన్నది సగం నిజం. ఊరికే సర్టిఫికెట్ల కోసం ఈ వేసవి ఒకటి, వచ్చే వేసవి ఇంకొకటి అని తిరిగితే ఏదీ రాదు. కానీ పైన చెప్పినవాళ్ళలో ఎవరూ తమ గట్టు లోపలే ఉండలేదు. చరిత్ర టీచరు సవర నిఘంటువు రాశాడు. తెలుగు పండితుడు కంప్యూటర్‌తో చెట్లు లెక్కపెట్టించాడు. వన్యప్రాణి సంస్థ నుంచి భాషల వయసు వచ్చింది. రంగం దాటారు కానీ ప్రశ్న వదల్లేదు. మేము కూడా భాషలో, మ్యాపుల్లో, ఆరోగ్యంలో తిరుగుతాం, కానీ ముగ్గురి ప్రశ్నా ఒక్కటే: మన ఊరి గురించిన లెక్క ఊరి మనిషి చేతికి ఎట్లా తిరిగి రావాలి?

ఇంకో తేడా కూడా ఉంది. ఇప్పటిదాకా అడిగినవాళ్ళు ఒకవైపు, చెప్పినవాళ్ళు ఒకవైపు. మా రూమ్‌మేట్ పోయిన వేసవిలో రెండువైపులా ఉన్నాడు. పగలు ల్యాబ్‌లో అడిగేవాడు, రాత్రి ఫోన్‌లో మనవడు. అందుకే పేరు లేకపోవడం వాడికి గుచ్చుకుంది. వేరేవాళ్ళకు అది ఫార్మాట్, వాడికి అవ్వ.

కాబట్టి మేము రూమ్‌లో కొన్ని అనుకున్నాం, మీరూ ఆలోచించండి.

మొదటిది, ఒప్పుకునే ముందే మూడు విషయాలు మెయిల్‌లో అడుగుదాం. చెప్పిన పెద్దవాళ్ళకు ఇష్టమైతే వాళ్ళ పేరు రిపోర్టులో వేస్తారా? పోగుచేసిన డేటా కాపీ ఊరికి ఇస్తారా? స్టైపెండ్ ఏ నెలలో ఇస్తారు? ముందు అడిగితే సిగ్గేం కాదు, చివర్లో అడిగితే ఫార్మాట్ అంటారు.

రెండోది, చాలా చోట్ల వేసవి ఇంటర్న్‌షిప్‌లకు చలికాలంలోనే అప్లై చేయాలి. మే నెలలో వెతికితే ఏమీ దొరకదు. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌లో స్టైపెండ్ ఉంటుంది. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005 నుంచి నడుస్తోంది, దాని పని ఎక్కడి నుంచైనా చేయొచ్చు, సిగ్నల్ ఉన్న ఊరైతే చాలు. డబ్బులివ్వని ఇంటర్న్‌షిప్ మన ఇళ్ళకు తునికాకు కంటే ఖరీదు. అది గుర్తుంచుకోండి.

మూడోది, ఇంటర్న్‌షిప్ లెటర్ ఉన్న పిల్లలకు సెలవుల్లో కూడా హాస్టల్‌లో ఒక్క రూమ్ తెరిచి ఉంచాలని అధికారులకు అర్జీ రాశాం. సంతకాలు కావాలి. ఏ హాస్టల్ వాళ్ళైనా కామెంట్‌లో చెప్పండి, కాపీ పంపుతాం.

నాలుగోది, ఇంటర్న్‌షిప్ రాకపోయినా చేయగలిగే పని. ఈ సెలవుల్లో ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని వంద మాటలు రాసుకుని రండి. గోండీ, కోయ, కొలామీ, కొండ, కువి, సవర, ఏదైనా సరే. ప్రతి పేజీ పైన ఊరి పేరు, తేదీ, చెప్పినవాళ్ళను అడిగి వాళ్ళ పేరు రాయండి. మా రూమ్‌మేట్ నోట్‌బుక్‌లో పోయిన వేసవి మాటలు నాలుగు వందలకు పైగా ఉన్నాయి. రిపోర్టులో లేని పేరును వాడు ఆ నోట్‌బుక్ మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు. రేపు ఏ ల్యాబ్‌కు పోయినా ఆ మాటలు ఆ పేరుతోనే పోతాయి.